పాప్‌కార్న్ కుట్టు

పాప్‌కార్న్ కుట్టు క్రోషే అల్లికలో ఉబ్బెత్తుగా కనిపించే ఒక అలంకార కుట్టు. ఒకే చోట ఐదు నిలువు కుట్లను అల్లి, మొదటి కుట్టు తలను చివరి కుట్టు తలతో కలిపి మూసివేసినప్పుడు అల్లిక మీద గుండ్రని బొడిపె ఏర్పడుతుంది. దుప్పట్లు, దిండు గలీబులు, చేతిసంచులు, పిల్లల టోపీలు, బల్లగుడ్డల అంచులు మొదలైన వాటిపై ఈ కుట్టును విరివిగా వాడతారు. దీనికి ప్రత్యేకమైన పరికరమేదీ అక్కరలేదు. గొలుసు కుట్టు, డబుల్ క్రోషే అనే రెండు ప్రాథమిక కుట్లు వచ్చినవారు దీనిని సులభంగా నేర్చుకోవచ్చు. అయితే చదునైన అల్లిక కంటే ఇది ఎక్కువ దారాన్ని, ఎక్కువ సమయాన్ని తీసుకుంటుంది. ఉబ్బెత్తు కుట్లతో చేసిన వస్తువుల విలువను అంచనా వేయడంలో ఈ అంశం ముఖ్యమైనది.

పేరు

క్రోషే అనే మాట ఫ్రెంచి భాష నుండి వచ్చింది. ఆ భాషలో దీనికి చిన్న కొక్కెం అని అర్థం. అల్లికకు వాడే సూది కొనలో కొక్కెం ఉండటమే ఈ పేరుకు కారణం. తెలుగునాట దీనిని క్రోషే, క్రోషియా, లేసు అల్లిక అనే పేర్లతో పిలుస్తారు. వేయించినప్పుడు మొక్కజొన్న గింజ పేలి ఉబ్బినట్లుగా, ఈ కుట్టు కూడా అల్లిక నుండి పైకి ఉబ్బి కనబడుతుంది. అందువల్ల దీనికి పాప్‌కార్న్, అనగా మొక్కజొన్న పేలాల పేరు వచ్చింది.

క్రోషే కుట్ల పేర్ల విషయంలో అమెరికా పద్ధతికి, బ్రిటిష్ పద్ధతికి తేడా ఉన్నది. అమెరికా పుస్తకాలలో డబుల్ క్రోషే అని రాసే కుట్టును బ్రిటిష్ పుస్తకాలలో ట్రెబుల్ అంటారు. బ్రిటిష్ పుస్తకాలలో డబుల్ క్రోషే అంటే అమెరికా వారి సింగిల్ క్రోషే. నమూనా ఏ పద్ధతిలో రాసినదో గమనించకుండా అల్లడం మొదలుపెడితే కొలతలు తప్పుతాయి. ఈ వ్యాసంలో అమెరికా పద్ధతినే అనుసరించడం జరిగింది. డబుల్ క్రోషే చిన్న స్తంభంలా నిలబడి ఉంటుంది కనుక దానిని ఇకపై స్తంభం అని వ్యవహరిద్దాం. మరాఠీలో కూడా ఈ కుట్టును ఖాంబ్, అనగా స్తంభం అనే అంటారు.

చరిత్ర

చేతి అల్లికలలో క్రోషే కొంత కొత్తది. ముద్రిత రూపంలో క్రోషే నమూనాలు 1820లలో నెదర్లాండ్స్‌లో వెలువడిన పెనెలోపె అనే స్త్రీల పత్రికలో కనిపిస్తాయి. 1840ల నుండి ఎలియనోర్ రియెగో ద లా బ్రాంషార్డియేర్ అనే రచయిత్రి ఇంగ్లండులో ప్రచురించిన నమూనా పుస్తకాలు ఈ అల్లికను మధ్యతరగతి ఇళ్లలోకి తీసుకువెళ్లాయి.

ఉబ్బెత్తు అల్లికకు పెద్ద ప్రోత్సాహం ఐర్లండులో లభించింది. 1845లో ఆ దేశంలో బంగాళాదుంప పంటకు తెగులు సోకి తీవ్రమైన కరువు వచ్చింది. కరువు బారిన పడిన కుటుంబాలకు ఆదాయ మార్గంగా క్రైస్తవ సన్యాసినులు, చర్చి అధికారుల కుటుంబాల స్త్రీలు క్రోషే లేసును నేర్పించారు. మోనహన్ కౌంటీలోని క్లోన్స్ పట్టణంలో కసాండ్రా హ్యాండ్ అనే మతాధికారి భార్య 1847లో ఈ పనిని ప్రారంభించింది. వెనిస్ నగరంలో సూదితో చేసే ఖరీదైన ఉబ్బెత్తు లేసును అనుకరిస్తూ, గులాబీలు, ఆకులు, ద్రాక్ష గుత్తులను విడివిడిగా అల్లి, వాటిని జాలీతో కలపడం ఐరిష్ పద్ధతి. దారాన్ని సూదికి పలుమార్లు చుట్టి చేసే చిన్న ముడి ఆ జాలీలో వస్తుంది. ఆ ముడికి క్లోన్స్ పట్టణం పేరే స్థిరపడింది. సూదిలేసు కంటే క్రోషే త్వరగా పూర్తవుతుంది. అందుచేత తక్కువ ధరకు అమ్మడానికి వీలయింది.

పాప్‌కార్న్ కుట్టుకు ఇరవయ్యవ శతాబ్దంలో అమెరికాలో విశేష ప్రచారం లభించింది. ముఖ్యంగా 1930లు, 1940లలో తెల్లని లేదా మీగడ రంగు నూలుతో పాప్‌కార్న్ బొడిపెలు వరుసలు తీరిన మంచపు దుప్పట్లను అక్కడి స్త్రీలు అల్లుకునేవారు. చతురస్రాలుగానో, షడ్భుజాలుగానో ముక్కలు అల్లి, వాటిని కలిపి దుప్పటి తయారు చేసేవారు.

కావలసిన పరికరాలు

1. దారం: నేర్చుకునేవారికి నున్నగా ఉండే, లేత రంగు దారం మంచిది. నలుపు, ముదురు నీలం వంటి రంగులలో కుట్ల తలలు సరిగా కనిపించవు. నూగు ఎక్కువగా ఉన్న ఊలుతో బొడిపె ఆకారం స్పష్టంగా రాదు. మధ్యరకం మందం ఉన్న నూలు దారం లేదా ఊలు తీసుకోవాలి.

2. క్రోషే సూది: మధ్యరకం ఊలుకు 4 మి.మీ. నుండి 5 మి.మీ. వరకు మందం గల సూది సరిపోతుంది. సన్నని లేసు దారానికి 2 మి.మీ. కంటే తక్కువ మందం గల ఉక్కు సూదులు వాడతారు. దారం కాగితపు పట్టీ మీద సాధారణంగా తగిన సూది కొలత ఉంటుంది.

3. ఇతర వస్తువులు: కత్తెర, చివరి దారాలను అల్లికలో దాచడానికి మొద్దు కొన గల పెద్ద సూది, కుట్టును గుర్తు పెట్టుకోవడానికి వేరే రంగు దారపు ముక్క లేదా చిన్న పిన్నీసు.

ముందుగా తెలియవలసిన కుట్లు

గొలుసు కుట్టు: జారుముడి వేసి, ఆ ఉచ్చును సూదికి తొడగాలి. దారాన్ని సూదిపై వేసుకొని ఉచ్చులో నుండి లాగితే ఒక గొలుసు అవుతుంది. క్రోషే అల్లికకు ఇది పునాది. అల్లేవారు దీనిని చైన్ అని కూడా అంటారు.

స్తంభం: దారాన్ని సూదికి ఒకసారి చుట్టి, సూదిని కావలసిన కుట్టులో గుచ్చి, దారాన్ని అందుకొని ఇవతలకు లాగాలి. ఇప్పుడు సూదిపై మూడు ఉచ్చులు ఉంటాయి. దారాన్ని మళ్లీ అందుకొని రెండు ఉచ్చుల నుండి లాగాలి. మిగిలిన రెండు ఉచ్చుల నుండి మరొకసారి లాగాలి. సూదిపై ఒకే ఉచ్చు మిగిలితే స్తంభం పూర్తయినట్లు. ప్రతి కుట్టు పైభాగం జడపాయలాగా రెండు పోగులుగా కనబడుతుంది. దీనినే కుట్టు తల అంటారు. తరువాతి వరుసలో సూదిని ఈ రెండు పోగుల కింద నుండి గుచ్చుతారు.

అల్లే విధానం

పాప్‌కార్న్‌లోని స్తంభాల సంఖ్యను మూడు నుండి ఏడు వరకు మార్చుకోవచ్చు. ఎక్కువగా వాడేది ఐదు స్తంభాల రకం. దాని విధానం ఇది.

1. బొడిపె రావలసిన కుట్టులో ఐదు స్తంభాలను పూర్తిగా అల్లాలి. ఐదింటి పాదాలూ ఒకే కుట్టులో ఉంటాయి. ఈ దశలో అవి విసనకర్రలా విచ్చుకొని ఉంటాయి.

2. సూదిపై ఉన్న ఉచ్చును కొద్దిగా పెద్దది చేసి, సూదిని దాని నుండి బయటకు తీయాలి. ఉచ్చు జారిపోకుండా వేలితో పట్టుకోవాలి.

3. సూదిని ఐదింటిలో మొదటి స్తంభం తలలో, ముందు నుండి వెనుకకు గుచ్చాలి. రెండు పోగులూ సూదిపైకి రావాలి.

4. వదిలిపెట్టిన ఉచ్చును సూది కొక్కేనికి తగిలించి, అది వదులుగా ఉంటే దారాన్ని లాగి సరిచేయాలి.

5. ఆ ఉచ్చును మొదటి స్తంభం తలలో నుండి ఇవతలకు లాగాలి. విసనకర్ర మూసుకొని బొడిపెగా మారుతుంది.

6. ఒక గొలుసు కుట్టును బిగువుగా వేయాలి. ఇది బొడిపెకు తాళం వంటిది. తరువాత వేలితో వెనుక నుండి నెట్టి బొడిపెను ముందుకు తేవాలి.

ఎడమచేతి వాటం వారికి విధానంలో మార్పు లేదు. వారి వరుస ఎడమ నుండి కుడికి సాగుతుంది.

అల్లిక వెనుకవైపు మన ముందు ఉండగా పాప్‌కార్న్ వేయవలసి వస్తే, మూడవ దశలో సూదిని వెనుక నుండి ముందుకు గుచ్చాలి. అప్పుడు బొడిపె అవతలివైపుకు, అనగా అల్లిక ముఖంవైపుకు ఉబ్బుతుంది. సూది ప్రవేశించే దిశే బొడిపె ఏవైపు ఉబ్బాలో నిర్ణయిస్తుంది. ఈ ఒక్క సూత్రం అర్థమైతే ఏ వరుసలోనైనా పాప్‌కార్న్ వేయవచ్చు.

సాధనకు ఒక చిన్న నమూనా

ఈ నమూనా వెడల్పు 19 కుట్లు. ప్రతి వరుస ప్రారంభంలో వేసే మూడు గొలుసులను ఒక స్తంభంగా లెక్కించాలి. రెండవ వరుస అల్లేటప్పుడు మనకు కనిపించేదే అల్లిక ముఖం.

పునాది: 21 గొలుసులు.

మొదటి వరుస: సూది నుండి నాలుగవ గొలుసులో ఒక స్తంభం, ఆపై ప్రతి గొలుసులో ఒక్కొక్క స్తంభం. వదిలిన మూడు గొలుసులతో కలిపి మొత్తం 19.

రెండవ వరుస: మూడు గొలుసులు వేసి అల్లికను తిప్పాలి. ఆ గొలుసుల పాదం వద్ద ఉన్న మొదటి కుట్టును వదలి, తరువాతి రెండింటిలో ఒక్కొక్క స్తంభం. ఆపై ఒక పాప్‌కార్న్, మూడు స్తంభాలు అనే క్రమాన్ని నాలుగు సార్లు చేయాలి. చివరి స్తంభం కింది వరుస ప్రారంభంలోని మూడు గొలుసుల కొసన వస్తుంది. మొత్తం 19.

మూడవ వరుస: మూడు గొలుసులు, తిప్పి, మొదటి కుట్టును వదలి, మిగిలిన ప్రతి కుట్టులో ఒక్కొక్క స్తంభం. ప్రతి పాప్‌కార్న్ తలపై ఒక్క స్తంభమే వేయాలి. మొత్తం 19.

నాలుగవ వరుస: మూడు గొలుసులు, తిప్పి, మొదటి కుట్టును వదలి, నాలుగు స్తంభాలు. ఒక పాప్‌కార్న్, మూడు స్తంభాలు అనే క్రమాన్ని రెండు సార్లు చేసి, మరొక పాప్‌కార్న్, చివర ఐదు స్తంభాలు. మొత్తం 19.

ఐదవ వరుస: మూడవ వరుస వలెనే.

రెండు నుండి ఐదు వరకు గల వరుసలను మళ్లీ మళ్లీ అల్లితే బొడిపెలు ఒక వరుసలో నాలుగు, మరొక వరుసలో మూడు చొప్పున, ఒకదాని సందులో మరొకటిగా అమరుతాయి. ముగ్గులోని సందు చుక్కల అమరిక వంటిదే ఇది. బొడిపెలన్నీ సరి సంఖ్య వరుసలలోనే వస్తాయి కాబట్టి అన్నీ ముఖంవైపు నుండే వేయవచ్చు. ఇంకా వెడల్పు కావాలంటే 19కి నాలుగు చొప్పున కుట్లు పెంచుకోవాలి. పునాది గొలుసులు ఎప్పుడూ కుట్ల సంఖ్య కంటే రెండు ఎక్కువ.

తరచుగా జరిగే తప్పులు, సవరణలు

కుట్ల సంఖ్య పెరగడం: పాప్‌కార్న్ తల, దానిని మూసిన గొలుసు పక్కపక్కనే ఉండటంతో, కొత్తగా నేర్చుకునేవారు రెండింటిలోనూ స్తంభాలు వేస్తారు. అల్లిక వరుసవరుసకూ వెడల్పవుతుంది. ప్రతి వరుస చివర కుట్లను లెక్కించుకోవడమే దీనికి మందు.

కుట్ల సంఖ్య తగ్గడం: వరుస చివర మూడు గొలుసుల కొసన వేయవలసిన స్తంభాన్ని మరచిపోవడం దీనికి ముఖ్య కారణం. అల్లిక ఒక పక్కకు వాలుతుంది.

బొడిపె విచ్చుకోవడం: తాళపు గొలుసు వేయకపోయినా, వదులుగా వేసినా బొడిపె తల తెరుచుకొని రంధ్రం కనిపిస్తుంది.

బొడిపె ఒక పక్కకు ఒరగడం: సూదిని మొదటి స్తంభం తలలో కాక రెండవ దానిలో గుచ్చితే ఇలా జరుగుతుంది. మొదటి స్తంభం వేయగానే దాని తలలో వేరే రంగు దారపు ముక్కను గుర్తుగా ఉంచుకోవచ్చు.

బొడిపె వెనుకకు పోవడం: సూది గుచ్చిన దిశ తప్పింది. ఆ పాప్‌కార్న్‌ను విప్పి మళ్లీ వేయాలి.

బొడిపెలు సమానంగా లేకపోవడం: స్తంభాల సంఖ్యలో తేడా గాని, దారం బిగువులో తేడా గాని ఇందుకు కారణం. దారాన్ని ఎడమచేతి వేళ్ల మధ్య ఎప్పుడూ ఒకే తీరుగా చుట్టుకుంటే బిగువు నిలకడగా ఉంటుంది.

క్రోషేలో సాధారణంగా ఒకేసారి ఒక ఉచ్చు మాత్రమే సూదిపై తెరచి ఉంటుంది. అందువల్ల తప్పు దొరలినా దారాన్ని లాగి ఆ చోటి వరకు విప్పుకొని, తిరిగి అల్లుకోవచ్చు. రెండు సూదులతో చేసే స్వెట్టరు అల్లికలో ఒక కుట్టు జారితే కింది వరుసలకు పాకే ప్రమాదం ఉంది. క్రోషేలో ఆ భయం లేదు.

ఇతర ఉబ్బెత్తు కుట్లతో పోలిక

పాప్‌కార్న్‌ను చూసి చాలామంది బాబుల్, పఫ్, క్లస్టర్ అనే కుట్లుగా పొరబడతారు. పుస్తకాలలో కూడా ఈ పేర్లు ఒకదాని బదులు మరొకటి వాడటం కనిపిస్తుంది. వీటి నిర్మాణంలోని భేదాలు ఇవి.

బాబుల్: ఒకే కుట్టులో ఐదు స్తంభాలు మొదలుపెట్టి, ప్రతిదానిని చివరి మెట్టు ముందు ఆపుతారు. సూదిపై చేరిన ఆరు ఉచ్చుల నుండి ఒకేసారి దారాన్ని లాగుతారు. సూదిని ఉచ్చు నుండి తీయవలసిన పని లేదు. బొడిపె పాప్‌కార్న్ కంటే కొంచెం చదునుగా ఉంటుంది.

పఫ్: స్తంభాలు వేయకుండా, పొడవైన ఉచ్చులను మాత్రమే పలుమార్లు పైకి లాగి, అన్నింటినీ కలిపి మూస్తారు. ఇది మెత్తగా, దూదిపింజలా ఉంటుంది.

క్లస్టర్: పక్కపక్కన ఉన్న వేర్వేరు కుట్లలో అసంపూర్ణ స్తంభాలను మొదలుపెట్టి, తలలను ఒకటిగా కలుపుతారు. పాదాలు వేర్వేరుగా, తల ఒకటిగా ఉంటుంది. కుట్ల సంఖ్యను తగ్గించడానికి కూడా ఇది పనికివస్తుంది.

వీటిలో ప్రతి స్తంభమూ పూర్తిగా అల్లబడేది పాప్‌కార్న్‌లోనే. అందువల్ల దీని బొడిపె గట్టిగా నిలుస్తుంది. దాని వెనుకవైపు చిన్న గుంట ఉంటుంది.

దారం, శ్రమ లెక్క

పైన ఇచ్చిన నమూనానే లెక్కకు తీసుకోవచ్చు. రెండవ వరుసలో 15 మామూలు స్తంభాలు, నాలుగు పాప్‌కార్న్‌లు ఉన్నాయి. ఒక్కొక్క పాప్‌కార్న్‌కు ఐదు చొప్పున 20 స్తంభాలు. అనగా 19 కుట్ల స్థలంలో 35 స్తంభాలు వేయాలి. నాలుగవ వరుసలో 16 మామూలు స్తంభాలు, మూడు పాప్‌కార్న్‌ల 15 స్తంభాలు కలిపి 31. మూడవ, ఐదవ వరుసలలో 19 చొప్పున 38. నాలుగు వరుసలకు మొత్తం 104. బొడిపెలు లేకుండా అదే వెడల్పు, అదే సంఖ్యలో వరుసలు అల్లితే 76 స్తంభాలు చాలు. అంటే 28 స్తంభాలు, సుమారు 37 శాతం, అదనం. ఇవి కాక ఏడు సార్లు సూదిని తీసి మళ్లీ గుచ్చి, ఏడు తాళపు గొలుసులు వేయాలి.

ఈ లెక్క వల్ల రెండు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది, దారం కొనేటప్పుడు ఎంత ఎక్కువ తీసుకోవాలో తెలుస్తుంది. ఒకే రంగు దారమైనా వేర్వేరు సమయాలలో అద్దిన వాటిలో ఛాయ తేడా రావచ్చు. కాబట్టి పెద్ద దుప్పటికి కావలసిన దారాన్ని ఒకేసారి కొనడం మంచిది. రెండవది, వస్తువును చదరపు అడుగుల లెక్కన మాత్రమే కొలిస్తే దానిలోని శ్రమ బయటపడదని తెలుస్తుంది. ఒకే కొలతగల రెండు దిండు గలీబులలో ఉబ్బెత్తు పని ఉన్నదానికి చేతిపని ఎక్కువ పడుతుంది.

యంత్రపు అల్లికతో తేడా

బట్టల పరిశ్రమలో యంత్రం మీద తయారయ్యే కొన్ని లేసులను కూడా క్రోషే పేరుతో అమ్ముతారు. అవి ఎక్కువగా వార్ప్ నిట్టింగ్ అనే మరొక పద్ధతిలో తయారవుతాయి. చూడటానికి పోలిక ఉన్నా నిర్మాణం వేరు. చేతితో అల్లే నిజమైన క్రోషేను వాణిజ్య స్థాయిలో ఉత్పత్తి చేసే యంత్రాలు వాడుకలో లేవు. ప్రతి కుట్టుకూ సూది దిశ మార్చడం, అప్పటికే పూర్తయిన కుట్టు తలను వెదికి గుచ్చడం ఇందులో తప్పనిసరి. పాప్‌కార్న్‌లో అయితే సూదిని తీసి, వెనుకనున్న కుట్టుకు పోయి, వదిలిన ఉచ్చును తిరిగి అందుకోవాలి. కాబట్టి బజారులో ఎంత చౌకగా దొరికినా, పాప్‌కార్న్ బొడిపెలున్న నిజమైన క్రోషే వస్తువును ఎవరో ఒకరు చేతితో అల్లి ఉంటారు.

కొనేవారు దీనిని పరీక్షించుకోవచ్చు. వస్తువును తిప్పి, బొడిపె వెనుక చూస్తే ఐదు స్తంభాల పాదాలు ఒకే కుట్టు నుండి బయలుదేరి, తలల వద్ద దగ్గరకు చేరడం కనిపిస్తుంది. ముఖంవైపు స్తంభాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు.

తెలుగునాట క్రోషే

ఆంధ్ర ప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలు క్రోషే లేసుకు ప్రసిద్ధి పొందాయి. పంతొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతంలో ఈ పనిని ప్రవేశపెట్టారు. ఐర్లండులో వలెనే ఇక్కడ కూడా పేద స్త్రీలకు ఆదాయ మార్గంగానే ఇది మొదలయింది. క్రమంగా వ్యాపారుల ద్వారా విదేశాలకు ఎగుమతయ్యే పరిశ్రమగా పెరిగింది. సన్నని నూలు దారంతో పువ్వులు, చక్రాలు విడివిడిగా అల్లి, తరువాత వాటిని అతికి బల్లగుడ్డలు, దుప్పట్లు, గలీబులు తయారు చేస్తారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది.

ఈ స్త్రీల జీవితంపై జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ చేసిన అధ్యయనం 1982లో ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్ అనే పుస్తకంగా వెలువడింది. ప్రపంచ మార్కెట్టు కోసం సరుకు తయారు చేస్తున్నప్పటికీ, ఇంట్లో కూర్చొని చేస్తున్నారన్న కారణంగా వారిని కార్మికులుగా కాక గృహిణులుగానే లెక్కించారని, వారి పనిని తీరిక వేళ కాలక్షేపంగా చూశారని, అందువల్లనే వారికి అతి తక్కువ ప్రతిఫలం దక్కిందని ఆమె ఆ పుస్తకంలో వివరించింది. ఇంటి పనిని ఆర్థిక దృష్టితో పరిశీలించే చర్చలలో ఈ గ్రంథం పేరు తరచుగా వినిపిస్తుంది.

పాప్‌కార్న్ కుట్టు నరసాపురంలో పుట్టినది కాదు. అయితే పైన చూపిన స్తంభాల లెక్క ఎక్కడ అల్లిన వస్తువుకైనా వర్తిస్తుంది. ముక్క లెక్కన కూలి నిర్ణయించేటప్పుడు ముక్క కొలతను మాత్రమే కాక, అందులోని కుట్ల రకాన్ని, సంఖ్యను కూడా చూడవలసి ఉంటుంది. స్వయంగా ఒక బొడిపెను అల్లి చూసినవారికి ఈ విషయం వేరుగా చెప్పనక్కరలేదు.

సంరక్షణ

ఉబ్బెత్తు కుట్లున్న వస్తువులను గోరువెచ్చని లేదా చల్లని నీటిలో, తేలికపాటి సబ్బుతో చేతితో ఉతకడం మంచిది. మెలిపెట్టి పిండకూడదు. తువాలులో చుట్టి అదిమితే నీరు పోతుంది. తీగపై వేలాడదీస్తే నీటి బరువుకు అల్లిక సాగుతుంది కనుక, పరచిన బట్టపై ఆకారం సరిచేసి ఆరబెట్టాలి. అంచులు ముడుచుకుపోకుండా తుప్పు పట్టని గుండుసూదులు గుచ్చి ఉంచవచ్చు. ఇస్త్రీపెట్టె నేరుగా పెడితే బొడిపెలు అణగిపోతాయి. తప్పనిసరి అయితే మందపాటి తువాలుపై వస్తువును బోర్లించి, వెనుకవైపు తేలికగా ఇస్త్రీ చేయాలి. ఆరిన తరువాత అణగిన బొడిపెలను వెనుక నుండి వేలితో నెడితే తిరిగి లేస్తాయి.

ఉపయోగాలు

పాప్‌కార్న్ కుట్టును పలు విధాలుగా వాడవచ్చు. చదునైన అల్లికలో బొడిపెలను గళ్ల కాగితంపై గీసుకున్న బొమ్మ ప్రకారం అమరిస్తే పువ్వు, హృదయం, అక్షరం వంటి ఆకారాలు ఏర్పడతాయి. ఒక గడికి ఒక కుట్టు చొప్పున లెక్క వేసుకోవాలి. వలయాకారపు అల్లికలో కేంద్రం చుట్టూ ఆరు లేదా ఎనిమిది పాప్‌కార్న్‌లు వేస్తే పువ్వు ఏర్పడుతుంది. బొడిపెల మధ్య గొలుసు కుట్లు చేర్చితే పువ్వు చదునుగా పరచుకుంటుంది. టోపీలు, మఫ్లర్ల వంటి చలి దుస్తులలో ఈ కుట్టు మందాన్ని ఇస్తుంది. వేడి గిన్నెలను పట్టుకునే గుడ్డలకు కూడా ఇది అనుకూలమే. అయితే వాటిని నూలు దారంతోనే అల్లాలి. కృత్రిమ దారం వేడికి కరుగుతుంది.

పసిపిల్లల వస్తువులకు వాడేటప్పుడు బొడిపెల మధ్య ఎక్కువ ఖాళీలు లేకుండా, తాళపు గొలుసులు బిగువుగా ఉండేలా చూడాలి. వదులైన ఉచ్చులలో చిన్నారుల వేళ్లు చిక్కుకునే అవకాశం ఉన్నది.